ఇంటి కంప్యూటర్‌కి రిమోట్, పక్కన ఇంకో చిన్న తెర: నిజంగా పనికొస్తాయా?

కిటికీపక్క:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదైంది, ఓపికగా చదవండి.

మా ముందు గదిలో డెస్క్‌టాప్ ఉంది. దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపాం. నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. కుడిచేతికి ఇంకా పట్టు రాలేదు, ఎడమచేత్తోనే అన్నీ చేసుకుంటున్నారు. అదీ కొంచెం వణుకుతుంది. పగలంతా టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చుని, హార్డ్‌డిస్క్‌లో ఉన్న పాటలు, పాత రికార్డింగులు వింటారు. అవన్నీ ఆయనే ఏళ్ల తరబడి క్యాసెట్ల నుంచి ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవి. ఫోల్డర్ల పేర్లు కూడా ఆయన పెట్టినవే.

ఇప్పుడు ఒక పాట మార్చాలంటే నన్నో అమ్మనో పిలవాలి. పిలవడం ఆయనకి ఇష్టం ఉండదు. వినాలని లేని పాట వచ్చినా అలాగే వింటూ కూర్చుంటారు. నేను వేరే గదిలోంచి వచ్చి "మార్చనా నాన్నా?" అంటే "ఫరవాలేదులే, ఉండనీ" అంటారు. అది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఇప్పటిదాకా రెండు ప్రయత్నాలు చేశాను. మొదట, గాల్లో కదిపితే తెరమీద బాణం గుర్తు కదిలే ఎయిర్ మౌస్ కొన్నాను. చెయ్యి వణికితే బాణం కూడా వణుకుతుంది. ఫైల్ మీదికి తెచ్చి నొక్కేలోపు పక్క ఫైల్ మీదికి జారిపోతుంది. మూడు రోజులు ప్రయత్నించి ఆయనే పక్కన పెట్టేశారు. తర్వాత ఫోన్‌లో రిమోట్ యాప్ పెట్టాను. దాంతో ఇంకో ఇబ్బంది. ఫోన్ చూడాలంటే దగ్గరి చూపు కళ్లజోడు, టీవీ చూడాలంటే దూరం చూపుది. ఒంటిచేత్తో అవి మార్చుకోవడం, ఈలోపు ఫోన్ లాక్ అయిపోవడం, మళ్లీ తీయడం.

నా ప్రశ్నలు రెండు. కంప్యూటర్‌కి మామూలు టీవీ రిమోట్‌లాంటిది పెట్టుకునే దారి ఉందా? ఏం పాట నడుస్తోంది, తర్వాత ఏం వస్తుంది అని చూపించే చిన్న తెర ఒకటి ఆయన పక్కన పెడితే ఉపయోగం ఉంటుందా? ఇలాంటి వస్తువులు కొన్నాళ్లు వాడి సొరుగులో పడేస్తారని కూడా విన్నాను. వాడినవాళ్లు చెప్పండి.

తీగలమూట:

కిటికీపక్క గారూ, ముందు మీ మొదటి ప్రశ్నకి జవాబు: దారి ఉంది, ఖర్చు కూడా పెద్దగా కాదు. తెర సంగతి తర్వాత చూద్దాం. ముందు రిమోట్ కుదిరితే మీ ఇంట్లో సగం బాధ తీరుతుంది.

ఎయిర్ మౌస్ ఎందుకు పనికిరాలేదో మీరే చెప్పారు. మౌస్ అంటే గురిపెట్టడం. గురి కుదరాలంటే చెయ్యి నిలకడగా ఉండాలి. బాణం మీటలతో అలా కాదు. కింది బాణం ఒకసారి నొక్కితే ఒక మెట్టు దిగుతుంది, అక్కడే ఆగుతుంది. చెయ్యి వణికినా, మధ్యలో విశ్రాంతి తీసుకున్నా, ఎంపిక ఎక్కడికీ జారిపోదు. మీ నాన్నగారికి కావలసింది మెట్లున్న రిమోట్.

మీ ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్‌దో ఇంకో పెట్టెదో మూలపడ్డ రిమోట్ ఏదైనా ఉందా? ఉంటే దాన్నే వాడొచ్చు. ఇలాంటి రిమోట్లు దాదాపు అన్నీ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని సెకనుకి సుమారు 38 వేల సార్లు వెలిగించి ఆర్పుతూ సంకేతం పంపుతాయి. దాన్ని పట్టుకునే యూఎస్‌బీ రిసీవర్లు దొరుకుతాయి. నేను వాడుతున్నది ఫ్లర్క్. దాని సాఫ్ట్‌వేర్ తెరిచి, తెరమీద ఒక మీట చూపించి, రిమోట్‌లో మీకు కావలసిన బటన్ నొక్కితే నేర్చుకుంటుంది. నేర్చుకున్నది తన మెమరీలోనే దాచుకుంటుంది. ఆ తర్వాత ఏ కంప్యూటర్‌కి తగిలించినా, ఆ కంప్యూటర్ దాన్ని మామూలు కీబోర్డు అనే అనుకుంటుంది. సాఫ్ట్‌వేర్ తీసేసినా నడుస్తుంది.

ఈ "కీబోర్డు అనుకోవడం" చాలా పెద్ద విషయం, దీన్ని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. నేను ఇలాంటి వస్తువులు చాలా ఏళ్లుగా వాడుతున్నాను. పాటలు, వీడియోలు నడపడానికి విండోస్‌లో మీడియా సెంటర్ ఉన్న రోజుల్లో కొన్న రిమోట్ ఒకటుంది. 2015లో విండోస్ 10 వచ్చేసరికి మీడియా సెంటర్ ఆగిపోయింది. కానీ ఆ రిమోట్‌లో బాణాలు, ఓకే, వాల్యూమ్ ఈరోజుకీ పనిచేస్తున్నాయి, ఎందుకంటే అవి కంప్యూటర్‌కి కీబోర్డు మీటల్లా చేరతాయి. 2007లో విండోస్ విస్టాతోపాటు సైడ్‌షో అనే ఏర్పాటు వచ్చింది, కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఇంకో చిన్న తెరమీద చూపించడానికి. మా ఆఫీసులో ఒకాయన ల్యాప్‌టాప్ మూత మీద ఆ చిన్న రంగుల తెర చూశాను. మూత తెరవకుండానే మెయిల్, క్యాలెండర్ కనిపించేవి. చూసి ఎంత ఆశపడ్డానో. కానీ ఆ తెరలో ఏది కనిపించాలన్నా దానికోసం ప్రత్యేకంగా గ్యాడ్జెట్ అనే చిన్న ప్రోగ్రామ్ రాయాలి. రాసేవాళ్లు తక్కువ. ఈలోపు జేబుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి. విండోస్ 8.1 నాటికి సైడ్‌షోనే లేదు. అప్పటినుంచి నేను ఏది కొన్నా ముందు చూసేది ఒకటే: తన సొంత సాఫ్ట్‌వేర్ లేకపోతే ఈ వస్తువు ఏం చేయగలదు?

ఇక మీ పని. కంప్యూటర్‌లో కోడీ ఎక్కించండి, పాటలు, వీడియోలు నడిపే ప్రోగ్రామ్, ఉచితమే. ఒకప్పుడు ఎక్స్‌బీఎంసీ అనేవారు, 2014లో పేరు మారింది. అది మొదటినుంచీ దూరంగా కూర్చుని రిమోట్‌తో నడిపేవాళ్ల కోసమే తయారైంది, అక్షరాలు పెద్దవి, మౌస్ అవసరమే రాదు. పాటల్ని లైబ్రరీగా మార్చకండి. "ఫైల్స్" లోంచే తెరిచేలా ఉంచండి. అప్పుడు నాన్నగారు పెట్టిన ఫోల్డర్లు, ఆయన పెట్టిన పేర్లు ఆయనకి అలాగే కనిపిస్తాయి. తనకి తెలిసిన దారిలోనే ఆయన నడుస్తారు.

రిమోట్‌కి తొమ్మిది బటన్లు నేర్పితే చాలు. నాలుగు బాణాలు, ఎంటర్, వెనక్కి వెళ్లడానికి బ్యాక్‌స్పేస్, ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి స్పేస్, వాల్యూమ్‌కి ప్లస్, మైనస్. మిగతావి నేర్పకపోతే అవి నొక్కినా ఏమీ జరగదు. పొరపాటున ఏదో నొక్కానన్న టెన్షన్ ఆయనకి ఉండదు. ఒక జాగ్రత్త, టీవీ రిమోట్‌నే వాడొద్దు. నొక్కినప్పుడల్లా టీవీ కూడా స్పందిస్తుంది. వేరే పెట్టెది తీసుకోండి.

లినక్స్‌బాట:

తీగలమూట గారితో కొంత విభేదిస్తాను. పెద్దాయన విషయంలో ఆయన చెప్పిందే సరైనది. కానీ ఫోన్‌ని అసలు పక్కన పెట్టకండి. ఆ ఫోన్ మీ చేతిలో ఉండాలి.

మా ఇంట్లో ఫోన్‌నీ కంప్యూటర్‌నీ కలిపే కేడీఈ కనెక్ట్ అనే యాప్ వాడతాను. ఫోన్, కంప్యూటర్ ఒకే వై-ఫైలో ఉంటే చాలు. నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఏమిటంటే, ఫోన్ మోగగానే కంప్యూటర్‌లో పాట ఆగుతుంది, మాట్లాడటం అయిపోగానే మళ్లీ మొదలవుతుంది. కోడీకైతే కోర్ అనే ఆండ్రాయిడ్ యాప్ ఉంది, కోడీ వాళ్లదే. కోడీ సెట్టింగుల్లో సర్వీసెస్, కంట్రోల్ అనేచోట హెచ్‌టీటీపీ ద్వారా రిమోట్ కంట్రోల్‌ని అనుమతించాలి, అక్కడే పాస్‌వర్డ్ కూడా పెట్టండి. అప్పుడు నాన్నగారు ఏం వింటున్నారో మీ గదిలోంచే తెలుస్తుంది. ఆయన అడిగితే మీరు అక్కడినుంచే సాయం చేయొచ్చు, ప్రతిసారీ వచ్చి నిలబడక్కర్లేదు.

యాప్‌కి కంప్యూటర్ కనిపించకపోతే చాలాసార్లు కారణం ఒకటే ఉంటుంది. విండోస్‌లో మీ వై-ఫై "పబ్లిక్" అని నమోదై ఉంటుంది. దాన్ని "ప్రైవేట్" చేయండి. ఫైర్‌వాల్‌లో కేడీఈ కనెక్ట్‌కి 1714 నుంచి 1764 వరకు పోర్టులు (నెట్‌వర్క్ దారుల నంబర్లు), కోడీకి 8080 తెరిచి ఉండాలి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ వాడుతుంటే అందులో ఉన్న పరికరాలు సాధారణంగా ఒకదానికొకటి కనిపించవు. అదొకటి చూసుకోండి.

కిటికీపక్క:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. వెంటనే మొదలుపెట్టాను.

పాత డీవీడీ రిమోట్ దొరికింది. కోడీ పెట్టాను, రిసీవర్ తెప్పించాను, తొమ్మిది బటన్లూ నేర్పాను. మొదటిరోజు ఉదయం చక్కగా నడిచింది. నాన్నగారు ఫోల్డర్ల జాబితాలో కిందికి, పైకి ఊరికే తిరుగుతూ ఉన్నారు, పాట పెట్టకుండా. ఏం చేస్తున్నారని అడిగితే, "ఏమేం ఉన్నాయో చూసుకుంటున్నాను, చాలా రోజులైంది కదా" అన్నారు.

సాయంత్రానికి పనిచేయడం మానేసింది. రాత్రి మళ్లీ పనిచేసింది. మర్నాడూ అంతే. ఇంకో ఇబ్బంది, ఆయన వేలు బటన్ మీద కాస్త ఎక్కువసేపు ఉండిపోతుంది. ఒక మెట్టు దిగబోయి మూడు మెట్లు దిగిపోతున్నారు. మూడో విషయం, ఉదయం కంప్యూటర్ ఆన్ చేయడానికి ఇప్పటికీ మమ్మల్నే పిలవాలి. వీటికి ఏమైనా దారి ఉందా?

తీగలమూట:

మీ పేరు చూసి ఒకటి అడుగుతున్నాను, ఆ గదిలో పడమటి కిటికీ ఉందా? సాయంత్రం ఎండ నేరుగా రిసీవర్ మీద పడుతూ ఉండాలి. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ చాలా ఉంటుంది. అంత వెలుగులో రిమోట్ మినుకుమినుకుమనేది రిసీవర్‌కి తెలియదు. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి తీసుకుని, రిసీవర్‌ని టీవీ కింద నీడపట్టున, ఆయన కుర్చీకి ఎదురుగా పెట్టండి. రిమోట్ నుంచి అసలు కాంతి వస్తోందా అని అనుమానం వస్తే, ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి రిమోట్ కొనవైపు చూస్తూ బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో లేత ఊదారంగు చుక్క వెలుగుతూ కనిపిస్తుంది. కనిపించకపోతే ముందు సెల్స్ మార్చి చూడండి.

అలాగే ఇంకోమాట. ఎప్పుడైనా డాంగిల్‌తో (యూఎస్‌బీ పోర్టుకి తగిలించే చిన్న రిసీవర్) పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ రిమోటో కీబోర్డో కొంటే, ఆ డాంగిల్‌ని కంప్యూటర్ వెనక నీలం యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన పెట్టకండి. ఆ పోర్టులు, వాటికి తగిలించిన డిస్కులు పనిచేసేటప్పుడు అదే పౌనఃపున్యంలో రేడియో రొద పుడుతుంది. ఇంటెల్ 2012లోనే దీనిమీద ఒక పత్రం రాసింది. మనుషులు దీన్ని బ్యాటరీ సమస్య అనుకుని సెల్స్ మారుస్తూ ఉంటారు. దానికీ మందు ఆ ఎక్స్‌టెన్షన్ కేబులే.

ఒకే నొక్కు మూడుసార్లు పడటానికి: రిసీవర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఒక నొక్కుకీ ఇంకోదానికీ మధ్య ఆలస్యం పెంచుకునే వీలుంది. కాస్త కాస్త పెంచుతూ, ప్రతిసారీ రిమోట్ ఆయన చేతికే ఇచ్చి చూడండి. మీ వేలితో సరిచేస్తే అది మీకే కుదురుతుంది.

ఆన్ చేయడం గురించి. పూర్తిగా ఆపేసిన కంప్యూటర్‌ని రిమోట్‌తో లేపడం కష్టం. స్లీప్‌లో ఉన్నదాన్ని లేపడం తేలిక. రాత్రి షట్‌డౌన్ చేయకండి, స్లీప్‌లో పెట్టండి. డివైస్ మేనేజర్‌లో కీబోర్డుల కింద రిసీవర్‌ని వెతికి, పవర్ మేనేజ్‌మెంట్‌లో "ఈ పరికరం కంప్యూటర్‌ని లేపవచ్చు" అన్న గడిలో టిక్ పెట్టండి. స్లీప్‌లో యూఎస్‌బీ పోర్టుకి కరెంటు అందాలి, అది కొన్ని మదర్‌బోర్డుల్లో బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) ఆన్ చేయాలి.

మీ ఫోన్ నుంచి లేపాలంటే వేక్-ఆన్-ల్యాన్ ఉంది. దానికి కంప్యూటర్ రౌటర్‌కి వైరుతో కలిసి ఉండటం మేలు. ఫోన్ పంపేది చిన్న పొట్లం, 102 బైట్లే: మొదట ఆరు బైట్లు మేలుకొలుపు గుర్తు, తర్వాత మీ కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు చిరునామా పదహారుసార్లు. నిద్రలో ఉన్నా కార్డు ఒక చెవి తెరిచే ఉంచుతుంది, తన చిరునామా అన్నిసార్లు వినబడగానే కంప్యూటర్‌ని లేపుతుంది. నాకు ఈ ఏర్పాటంటే ఎంతో ఇష్టం.

రెండోతెర:

చిన్న తెర గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి నా అనుభవం రాస్తాను.

నా దగ్గర ఒకప్పుడు లాజిటెక్ జీ15 కీబోర్డు ఉండేది. 2005లో వచ్చింది. మీటల పైన 160 చుక్కల వెడల్పు, 43 చుక్కల ఎత్తు ఉన్న నలుపు-తెలుపు తెర. అంత చిన్నది. అందులో పాట పేరు, ప్రాసెసర్ ఎంత పనిలో ఉంది అన్నవి పెట్టుకున్నాను. ఏళ్ల తరబడి రోజుకి ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. తర్వాత ఎంతో పెద్ద ట్యాబ్లెట్‌ని వై-ఫై ద్వారా రెండో మానిటర్‌గా పెట్టుకున్నాను, నెలలోనే విసుగొచ్చింది. తేడా ఏమిటంటే, కీబోర్డు తెర కంప్యూటర్ వెలిగితే తనూ వెలిగేది, నేను ఏమీ చేయక్కర్లేదు. ట్యాబ్లెట్‌కి రోజూ యాప్ తెరవాలి, కనెక్ట్ చేయాలి, మధ్యలో తెగితే మళ్లీ కలపాలి. పైగా వై-ఫై మీద కదలని పేజీ బాగానే ఉంటుంది, వీడియో పెడితే మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తుంది.

మీకు కావలసింది పాట పేరు కనిపించడమే కాబట్టి రెండో మానిటర్ జోలికి వెళ్లకండి. కోడీతోపాటే ఒక వెబ్ పేజీ వస్తుంది. లినక్స్‌బాట గారు చెప్పిన హెచ్‌టీటీపీ అనుమతి ఇచ్చాక, ఏదైనా ట్యాబ్లెట్ బ్రౌజర్‌లో మీ కంప్యూటర్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని నంబరు), దాని తర్వాత కోలన్ (:), 8080 కొట్టండి. ఏం నడుస్తోంది, వరుసలో తర్వాత ఏముంది, అన్నీ కనిపిస్తాయి. ట్యాబ్లెట్ మరీ పాతదైతే ఆ పేజీ తెరుచుకోకపోవచ్చు, అందుకని ముందు ఇంట్లో ఉన్నదానితో చూసుకుని అప్పుడు ఆలోచించండి.

దయచేసి ఈ ఒక్కటి మరిచిపోకండి. పాత ట్యాబ్లెట్‌ని రాత్రింబగళ్లు చార్జర్‌కి తగిలించి ఉంచొద్దు. నేను అలాగే ఉంచాను. ఒకరోజు దాని తెర ఒక అంచున పైకి లేచినట్టు కనిపించింది. అది జిగురు ఊడటం అనుకుని వేలితో నొక్కబోయాను కూడా. లోపల బ్యాటరీ ఉబ్బింది. ఎప్పుడూ నిండు చార్జ్‌లో, వేడిలో ఉంటే లిథియం బ్యాటరీలు అలా ఉబ్బుతాయి. నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ చార్జ్ చేయకూడదు. అలా కనిపిస్తే వెంటనే వాడటం ఆపి, రీసైక్లింగ్‌కి తీసుకునేవాళ్లకి అప్పగించాలి. మీరు పెట్టేది కుర్చీలోంచి చప్పున లేవలేని మనిషి పక్కన. ప్లగ్‌కి టైమర్ పెట్టి రోజుకి గంటో రెండు గంటలో మాత్రమే చార్జ్ అయ్యేలా చూడండి. అది కుదరకపోతే, బ్యాటరీయే లేని చిన్న యూఎస్‌బీ తెర నయం.

కిటికీపక్క:

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

పడమటి కిటికీయే. రిసీవర్‌ని టీవీ కింద నీడలోకి మార్చాక సాయంత్రాలు కూడా నడుస్తోంది. ఆలస్యం పెంచడానికి నాన్నగారి పక్కన కూర్చుని అరగంట పట్టింది. ఆయనే "ఇంకొంచెం... ఇప్పుడు ఆపు" అని చెబుతూ కుదిర్చారు. రిమోట్‌లో ఎంటర్ బటన్ మీద అమ్మ గుడ్డముక్క అంటించింది, చూడకుండానే వేలికి తగులుతుంది. కళ్లజోడు మార్చుకునే పని లేకుండా పోయింది.

ట్యాబ్లెట్ ఆయన పక్కన పెట్టి చూశాం. రెండు రోజులకి తీసేయమన్నారు. టీవీలో ఎలాగూ కనిపిస్తోంది, ఇది ఎందుకు అన్నారు. తీసి వంటగదిలో పెట్టాను, పగలు మాత్రమే వెలిగేలా, టైమర్‌తో. అక్కడ అది అమ్మకి చాలా పనికొస్తోంది. ఏం పాట నడుస్తోందో చూస్తుంది. తనకి నచ్చిన పాట వరుసలో రాబోతోందని తెలిస్తే, చేతిలో పని ఆపి వచ్చి ఆయన పక్కన కూర్చుంటుంది. నా ఫోన్‌లో కోర్ ఉంది కానీ ఈ వారంలో ఒక్కసారి కూడా తెరవాల్సిన అవసరం రాలేదు.

మొన్న రాత్రి పదకొండింటికి ముందు గదిలోంచి సన్నగా పాట వినిపించింది. కంగారుగా లేచి వెళ్లాను. నిద్రపట్టక ఆయనే కుర్చీలోకి మారి, కంప్యూటర్‌ని లేపి, వాల్యూమ్ తగ్గించి పెట్టుకున్నారు. నన్ను చూసి, "నిన్ను లేపకూడదనే చిన్నగా పెట్టాను" అన్నారు. నేనూ కాసేపు అక్కడే కూర్చున్నాను. రెండో పాట ఆయనకి నచ్చలేదు. మార్చేశారు.

తీగలమూట గారూ, ఇంకొక్క ప్రశ్న. ఈ రిమోట్ కింద పడి పగిలితే ఏం చేయాలా అని భయంగా ఉంది. ఇంకో రిమోట్‌కి కూడా ఇవే మీటలు నేర్పి దాచిపెట్టొచ్చా, లేక పాతది మరిచిపోతుందా?

తీగలమూట:

మరిచిపోదు. ఒకే మీటకి రెండు రిమోట్ల బటన్లు నేర్పొచ్చు, రెండూ పనిచేస్తాయి. ఇప్పుడే నేర్పి పెట్టండి. ఎంటర్ మీద గుడ్డముక్క దానికి కూడా అంటించమని అమ్మగారికి చెప్పండి.